ఫ్లాష్‌కి ఏ రీచార్జబుల్ సెల్స్ కొనాలి? ప్యాకెట్ మీద నంబర్ ఒక్కటే చూస్తే సరిపోదు

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో కెమెరాలకీ ఫ్లాష్‌లకీ వాడే ఏఏ సైజు రీచార్జబుల్ సెల్స్ గురించి మాట్లాడుకుందాం. లెన్స్ కొనేముందు పది రివ్యూలు చూసేవాళ్లు కూడా సెల్స్ దగ్గరికొచ్చేసరికి ప్యాకెట్ మీద ఏ నంబర్ పెద్దగా కనిపిస్తే అదే తీసేసుకుంటారు. 2000 కన్నా 2700 మంచిది, 2700 కన్నా 3500 ఇంకా మంచిది అనే లెక్క. ఫ్లాష్ విషయంలో ఈ లెక్క కుదరదు. ఎందుకో ముందు చూపిస్తాను, చూశాక చెప్పడం తేలిక.

ఇదిగో ఫ్లాష్. ఇందులో నాలుగు అల్కలైన్ సెల్స్ వేశాను, అంటే మామూలుగా వాడి పారేసేవి, కొత్తవే, ప్యాకెట్ ఇప్పుడే చించాను. మాన్యువల్ మోడ్, ఫుల్ పవర్, స్క్రీన్ మీద 1/1 అని కనిపిస్తోంది కదా. టెస్ట్ బటన్ నొక్కుతున్నాను. వెలిగింది. ఇప్పుడు ఆ సన్నటి కూత వినండి, లోపల కెపాసిటర్, అంటే ఫ్లాష్ వెలగడానికి కావాల్సిన చార్జ్‌ని దాచుకునే భాగం, మళ్లీ నిండుతున్న చప్పుడది. రెడీ లైట్ మీదే కన్నుంచండి... ఇంకా రాలేదు... ఆ, ఇప్పుడొచ్చింది. సెల్స్ మారుస్తున్నాను. ఇవి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, ఫుల్ చార్జ్‌తో ఉన్నాయి. నొక్కుతున్నాను. కూత మొదలైంది, ఆగిపోయింది, లైట్ వచ్చేసింది.

ఇది ఈ ఒక్క ఫ్లాష్‌లోనే కాదు. నికాన్ ఎస్‌బీ-910 అనే ఫ్లాష్‌కి కంపెనీ ఇచ్చిన లెక్క చూడండి, ఫుల్ పవర్ తర్వాత మళ్లీ రెడీ కావడానికి అల్కలైన్‌తో సుమారు 4 సెకన్లు, నికెల్ మెటల్ హైడ్రైడ్‌తో సుమారు 2.3 సెకన్లు. అదీ సెల్స్ కొత్తగా ఉన్నప్పటి మాట. అల్కలైన్ అయితే వాడేకొద్దీ ఆ టైమ్ సాగుతూనే ఉంటుంది, మీరేమో రెడీ లైట్ కోసం చూస్తూ ఉంటారు, ఎదుట జరగాల్సింది జరిగిపోతుంది.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌట్, అల్కలైన్ 1.5 వోల్టులు కదా, రీచార్జబుల్ 1.2 వోల్టులే కదా, మరి తక్కువ వోల్టేజ్‌ది ముందు ఎలా నింపుతోంది అని. 1.5 అనేది అల్కలైన్ సెల్ కొత్తగా ఉన్నప్పుడు, దానిమీద భారం పెద్దగా లేనప్పుడు ఉండే వోల్టేజ్. ఫ్లాష్ తన కెపాసిటర్‌ని నింపుకునేటప్పుడు ఒక్కసారిగా కొన్ని ఆంపియర్ల కరెంట్ లాగుతుంది. ప్రతి సెల్‌కీ లోపల కొంత రెసిస్టెన్స్, అంటే కరెంట్‌కి అడ్డు, ఉంటుంది, అల్కలైన్‌లో అది ఎక్కువ, అందుకే అంత కరెంట్ లాగేసరికి దాని వోల్టేజ్ కుంగిపోతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో రెసిస్టెన్స్ చాలా తక్కువ కాబట్టి చార్జ్ అయిపోవచ్చేదాకా దాదాపు 1.2 దగ్గరే నిలబడుతుంది. డ్రమ్ము ఎంత పెద్దదైనా కుళాయి సన్నదైతే బిందె నిండటానికి ఆలస్యమే. ప్యాకెట్ మీద రాసే ఎంఏహెచ్, అంటే ఆ 2000, 2700 నంబర్, డ్రమ్ము సైజు చెప్తుంది. ఫ్లాష్‌కి కావాల్సింది కుళాయి ధార, ఆ సంగతి ఏ ప్యాకెట్ మీదా రాయరు.

సరే, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని తేలింది. అందులోనూ రెండు రకాలున్నాయి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పాత రకం సెల్స్‌ని చార్జ్ చేసి బ్యాగ్‌లో పెట్టేస్తే వాటంతటవే దిగిపోతుంటాయి, కొన్ని వారాల తర్వాత తీస్తే సగం ఖాళీ. 2005లో సాన్యో కంపెనీ ఎనలూప్ పేరుతో ఈ దిగిపోవడం బాగా తగ్గించిన సెల్స్ తెచ్చింది, ఆ తర్వాత సాన్యో పానసోనిక్ చేతికి వెళ్లింది, ఇప్పుడు మీరు కొనే ఎనలూప్ మీద పానసోనిక్ పేరే ఉంటుంది. ఇప్పుడు ఈ రకం చాలా కంపెనీలు చేస్తున్నాయి. ప్యాకెట్ మీద లో సెల్ఫ్ డిశ్చార్జ్ అనో, రెడీ టు యూజ్ అనో, ప్రీచార్జ్‌డ్ అనో రాసి ఉంటే అది ఈ రకమే. ఫ్లాష్ రోజూ వాడేవాళ్లు తక్కువ, నెలకోసారి బయటకు తీసేవాళ్లే ఎక్కువ, అలాంటివాళ్లు ఇది తప్ప వేరేది కొనకండి.

ఇప్పుడు కెపాసిటీ. మామూలు ఎనలూప్, అదే తెల్లది, సుమారు 2000 ఎంఏహెచ్. నల్లగా ఉండే ప్రో రకం సుమారు 2500. చూడగానే నల్లదే మేలనిపిస్తుంది. కానీ నాలుగో తరం తెల్లదానికి కంపెనీ చెప్పిన చార్జింగ్ సైకిల్స్, అంటే ఎన్నిసార్లు చార్జ్ చేయొచ్చో ఆ లెక్క, 2100, నల్లదానికి 500. ఒక్కో సెల్‌లో ఎక్కువ కుక్కితే ఆయుష్షు తగ్గుతుంది, ఏ కంపెనీదైనా ఇంతే. అందుకే నా సలహా, చాలామందికి 2000 దరిదాపుల్లో ఉన్నవే కరెక్ట్. గంటల తరబడి ఆగకుండా కొట్టే పని, మధ్యలో సెల్స్ మార్చే సందు దొరకదు అనుకుంటేనే 2500 రకం. ఇంకొకటి, ఆ పెద్ద కెపాసిటీ సెల్స్ కొన్ని ఒక వెంట్రుకవాసి లావుగా ఉంటాయి, బిగుతుగా ఉండే ఫ్లాష్‌లలో వేడెక్కాక బయటకు రావడానికి మొరాయిస్తాయి, కొన్న రోజే ఒకసారి వేసి తీసి చూసుకోండి.

మరి 3500, 4000 అని రాసినవి? అవి అబద్ధం. ఏఏ సైజులో నికెల్ మెటల్ హైడ్రైడ్ పట్టేది దాదాపు 2700, 2800 దాకానే, అంతకుమించి ఆ డబ్బాలో చోటు లేదు. చిన్న త్రాసు ఉంటే తూచి చూడండి. ఇదిగో ఈ మంచి సెల్ 27 గ్రాముల దగ్గర తూగుతోంది. పెద్ద నంబర్ రాసి 20 గ్రాములు కూడా తూగకపోతే లోపల సరుకు లేనట్టే.

కొనకూడనివి కూడా చెప్పాలి, ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. 14500 అనే లిథియం అయాన్ సెల్ చూడటానికి అచ్చం ఏఏ లాగే ఉంటుంది, సైజు అదే, ఫ్లాష్‌లో చక్కగా పడుతుంది. కానీ దాని వోల్టేజ్ 3.7. నాలుగు వేస్తే దాదాపు 15 వోల్టులు, 6 వోల్టులకి తయారైన ఫ్లాష్ మాడిపోతుంది. నికెల్ జింక్ సెల్స్ ఫుల్ చార్జ్‌లో 1.8 వోల్టుల దాకా వెళ్తాయి, ఫ్లాష్ ఇంకా త్వరగా రెడీ అవుతుంది నిజమే, వేడి కూడా అలాగే పెరుగుతుంది, మీ ఫ్లాష్ మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప వద్దు. ఇక 1.5 వోల్ట్ రీచార్జబుల్ లిథియం అని వస్తున్నాయి, వాటి లోపల వోల్టేజ్ తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది ఇవ్వగలిగిన కరెంట్‌కి ఒక హద్దు ఉంటుంది, ఫ్లాష్ అంతకన్నా ఎక్కువ లాగబోతే మధ్యలో ఆగిపోవచ్చు. అదీగాక చార్జ్ అయిపోయేదాకా ఫుల్ అనే చూపించి ఉన్నట్టుండి చచ్చిపోతాయి. ఫ్లాష్‌లో నేనైతే వేయను.

ఏఏ సెల్స్‌తో నడిచే కెమెరా, లేదా ఏఏ ట్రే ఉన్న బ్యాటరీ గ్రిప్, అంటే కెమెరా కింద బిగించే అదనపు బ్యాటరీ పట్టు, వాడేవాళ్లకి ఒక్క మాట. మెనూలో బ్యాటరీ టైప్ అనే ఆప్షన్ ఉందేమో వెతకండి. ఎల్ఆర్6 అంటే అల్కలైన్, హెచ్ఆర్6 అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్. అది ఎల్ఆర్6 మీద ఉండిపోతే, ఫుల్ చార్జ్ సెల్స్ వేసినా కెమెరా సగం అయిపోయిందని చూపిస్తుంది, మీకేమో ఊరికే టెన్షన్.

చార్జర్ సంగతి. సెల్స్‌కి డబ్బు పెట్టి చార్జర్ దగ్గర పొదుపు చేస్తే రెండూ పోతాయి. ఒక్కో సెల్‌ని విడివిడిగా చూసుకునే చార్జర్ కావాలి. గుర్తుపట్టడం ఎలాగంటే, నాలుగు గళ్లకి నాలుగు లైట్లు ఉంటాయి, ఒక్క సెల్ వేసినా చార్జ్ అవుతుంది. రెండేసి సెల్స్ జతగా వేస్తేనే పనిచేసేదయితే వదిలేయండి, ఎందుకంటే జతలో ఒకటి ముందే నిండిపోయినా రెండోదానికోసం దాన్ని కూడా ఉడికిస్తూనే ఉంటుంది. 2000 సెల్‌ని 500 మిల్లీఆంపియర్ల దగ్గర పెడితే నాలుగు గంటల పైన, 1000 దగ్గర పెడితే రెండు గంటల పైన పడుతుంది, ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఫర్వాలేదు. పావుగంటలో నింపేస్తామనే చార్జర్లు సెల్స్‌ని బాగా కాలుస్తాయి, తప్పనిసరైతేనే వాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, సెట్లు. ఇదిగో నా సెల్స్ మీద మార్కర్‌తో క, క, క, క అని రాసి ఉంది, పక్కన కొన్న నెల, సంవత్సరం. ఇంకో నాలుగింటి మీద ఖ. ఒకేసారి కొన్న నాలుగూ కలిసే ఫ్లాష్‌లోకి వెళ్తాయి, కలిసే చార్జర్‌లోకి వస్తాయి. కొత్తా పాతా కలిపితే ఏమవుతుందంటే, బలహీనమైన సెల్ ముందు ఖాళీ అవుతుంది, మిగతా మూడూ దానిలోంచి కరెంట్ తోస్తూనే ఉంటాయి, అప్పుడు దాని ప్లస్సు మైనస్సు తిరగబడి అది శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే ఫ్లాష్ రెడీ కావడం బాగా నెమ్మదించిందంటే చివరి చుక్క దాకా పిండకుండా సెట్ మార్చేయండి. పూర్తిగా ఖాళీ చేసి చార్జ్ చేయాలనే పాత నియమం నికెల్ కాడ్మియం రోజులది, వీటికి అవసరం లేదు.

ఫుల్ పవర్‌లో వరసగా కొట్టాక సెల్స్ బయటకు తీస్తే చేతికి చురుక్కుమంటాయి. ఆ వేడి మీద చార్జర్‌లో పెట్టకండి, చల్లారనివ్వండి. అలాగని జేబులో వేసుకోకండి, తాళాలో చిల్లరో తగిలి షార్ట్ అయితే వేలు కాలుతుంది, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఫ్లాష్‌కి రెండు సెట్లు, డబ్బాలో నిండినవి ప్లస్సు పైకి, అయిపోయినవి ప్లస్సు కిందికి. తొందరలో ఏది ఏదో వెతుక్కోవాల్సిన పనుండదు.

ఒక సెట్‌లో ఒక్క సెల్ మాత్రం ప్రతిసారీ ముందే నిండిపోతోందా, లేక మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కుతోందా? దాని పని అయిపోవచ్చింది. దాని బదులు కొత్తది ఒక్కటి తెచ్చి కలపకండి. మిగిలిన మూడింటినీ వైర్‌లెస్ మౌస్‌కో రిమోట్‌కో ఇచ్చేయండి, అక్కడ అంత కరెంట్ అక్కర్లేదు కాబట్టి ఇంకా చాలాకాలం నడుస్తాయి. పోయినదాన్ని చెత్తబుట్టలో పడేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి, చివర్లకి ఒక ముక్క టేప్ అంటించి.