కోరంగి బురదకు ఏ కొవ్వు ఆమ్లాల పరీక్ష? మూడింటి రివ్యూ

నమస్కారం. నా ముందున్న రెండు సీసాలు చూడండి. నల్లగా ఉన్నది కోరంగి మడ అడవి బురద. రెండోది అమలాపురం దగ్గర వరి చేలో తీసిన మట్టి. వీటిలో ఏ రకం సూక్ష్మజీవులు ఎంత ఉన్నాయో కొవ్వు ఆమ్లాలను బట్టి అంచనా వేస్తారు. ఏ పద్ధతిలో అన్నదే తగవు.

నా ఓటు ఫాస్ఫోలిపిడ్ పద్ధతికి, అంటే కణపు పొరలో ఉండే కొవ్వులను లెక్కించే పద్ధతికి. మట్టిలో క్లోరోఫాం, మిథనాల్, బఫర్ (ఆమ్లత్వం మారకుండా చూసే ద్రావణం) పోసి బాగా కుదుపుతాం. 1959లో బ్లై, డయ్యర్ అనే శాస్త్రవేత్తలు చేప కండ మీద పని చేస్తూ ప్రకటించిన పద్ధతే దీనికి మూలం. చేప దగ్గర పుట్టింది కాబట్టి గోదావరి వాళ్లకు పరాయిది కాదు! ఇంకాస్త క్లోరోఫాం, నీళ్లు కలిపి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి రెండు పొరలు. పైన నీళ్లు, మిథనాల్. అడుగున కొవ్వులతో క్లోరోఫాం. మడ బురదైతే ఆకుల రంగు కూడా దిగి ఆ అడుగు పొర పచ్చగా మారుతుంది. దాన్ని సిలికా గొట్టంలో పోసి, క్లోరోఫాంతో నూనెలను, అసిటోన్‌తో గ్లైకోలిపిడ్లను (చక్కెర అంటిన కొవ్వులను) కడిగేస్తే, చివరికి మిథనాల్‌తో ఫాస్ఫోలిపిడ్లు దిగుతాయి. అవి కణపు పొరలోవి; కణం చచ్చాక త్వరగా విరిగిపోతాయి. కాబట్టి లెక్కలోకి వచ్చేది దాదాపుగా బతికున్నవే.

రెండోది ఈఎల్-ఫేమ్, అంటే కొవ్వు ఆమ్లాలను నేరుగా మట్టిలోనే మిథైల్ ఎస్టర్లుగా మార్చి కొలిచే పద్ధతి. మూడు గ్రాముల మట్టిలో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన మిథనాల్ పోసి, 37 డిగ్రీల దగ్గర గంట ఉంచితే చాలు. క్లోరోఫాం బెడద లేదు, సిలికా గొట్టాల ఖర్చు లేదు. కానీ ఇది బతికినవాటితో పాటు చచ్చినవాటినీ పట్టుకొస్తుంది. బూజులకు గుర్తుగా చూసే లినోలీయిక్ ఆమ్లం వరి వేళ్లలోనూ ఉంటుంది. దుబ్బుల ముక్కలు ఏరకపోతే బూజు విపరీతంగా ఉందని కాగితం చెబుతుంది! ఒకే రకం చేలు యాభై పోల్చాలంటే మాత్రం నేనూ దీన్నే వాడతాను.

సోడియం హైడ్రాక్సైడ్‌తో 100 డిగ్రీల దగ్గర మరిగించే మూడో పద్ధతి విడిగా పెంచిన బాక్టీరియాను గుర్తించడానికి పుట్టింది. మట్టికి వాడితే హ్యూమస్ (కుళ్లిన ఆకులు, వేళ్ల నుంచి ఏర్పడే నల్లని పదార్థం) కొవ్వులు కూడా దిగుతాయి. మడ బురదకు వద్దే వద్దు.

ఒకసారి తొందరలో మామూలు ప్లాస్టిక్ మూత బిగించాను. క్లోరోఫాం దాన్ని కరిగించింది, కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే యంత్రం గీసిన గ్రాఫులో ఎక్కడివో తెలియని శిఖరాలు లేచాయి, రెండు రోజుల పని పోయింది. టెఫ్లాన్ పూత ఉన్న మూతలే కొనండి.

బురద తీసిన క్షణం నుంచే జాగ్రత్త పడాలి. మన ఎండలో సంచిలో వేసుకుని బస్సెక్కితే ల్యాబ్ చేరేలోపే లెక్క మారిపోతుంది. చేపల రేవులో ఐసు కొని పెట్టెలో సర్దండి, చేరగానే మైనస్ 20లో పెట్టండి.