సెకండ్ హ్యాండ్ 4 అడుగుల అక్వేరియం: నీళ్ళు పోయొచ్చా, వద్దా?

నమస్తే అండీ. ఇవాళ్టి రివ్యూ ఈ ట్యాంకు. పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు కూడా అడుగున్నరే. షాపులో చెప్పి కట్టించింది, కంపెనీ సరుకు కాదు. ఇంతకుముందు ఎవరో వాడిందే. అమ్మినాయన చెప్పింది ఒక్కటే మాట: "నీళ్ళు పోసి చూశామండీ, చుక్క కూడా కారలేదు." ఈ మాట మీకూ చాలాచోట్ల వినపడుతుంది. దయచేసి దాన్ని నమ్ముకుని కొనకండి. కారకపోవడం వేరు, బలంగా ఉండటం వేరు.

ముందు బరువు సంగతి చూద్దాం. లీటరు నీళ్ళంటే కిలో. ఈ ట్యాంకు నిండా పోస్తే దాదాపు 250 లీటర్లు పడతాయి. అద్దాల బరువు, అడుగున వేసే గులకరాళ్ళు కలిపితే 300 కిలోలు దాటుతుంది. అది స్టాండు మోయాల్సిన బరువు. మరి నీళ్ళు ముందు అద్దాన్ని బయటికి ఎంత బలంగా నెడతాయి? సుమారు 120 కిలోలు. ఆ ఒక్క అద్దం మీదే, పగలూ రాత్రీ ఆగకుండా.

చాలామంది పొడవు చూసి కంగారు పడతారు గానీ ఎత్తు పట్టించుకోరు. ఒత్తిడి నీళ్ళ లోతును బట్టి ఉంటుంది. లోతు రెట్టింపైతే అద్దం మీద పడే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి "ఇదే గ్లాసుతో ఇంకో అరడుగు ఎత్తు పెంచి కట్టివ్వండి" అని షాపులో అడగొద్దు.

మందం కొలుద్దాం. పై అంచు బయటికే ఉంటుంది కాబట్టి వెర్నియర్ కాలిపర్ పెడితే చాలు. ఇదిగో, 8 ఎం.ఎం. పైన పట్టీలు లేకుండా అయితే ఈ సైజుకి నేను 10 ఎం.ఎం. అడుగుతాను. 8 అయితే పొడవాటి అంచుల వెంట గాజు పట్టీలు ఉండి తీరాలి. దీనికి ఉన్నాయి. కానీ వెనకవైపు పట్టీ చూడండి, వేలితో నొక్కితే కదులుతోంది. అది అందానికి పెట్టింది కాదండీ. నీళ్ళు నిండితే పొడవాటి అద్దం మధ్యలో కాస్త బయటికి ఉబుకుతుంది, దాన్ని ఆపేది ఆ పట్టీయే. అది వదిలేస్తే ఆ లాగుడంతా అద్దం మీద, అతుకుల మీద పడుతుంది.

ఇక అతుకులు. ఇక్కడ తొందరపడొద్దు. టార్చి వేసి బయటినుంచి చూడండి. లోపల మూలల్లో గుండ్రంగా రాసిన సిలికాన్, అంటే అద్దాల్ని అతికించే రబ్బరులాంటి జిగురు, కనపడుతోందా? అసలు బలం దానిది కాదు. రెండు అద్దాల మధ్యన ఇరుక్కుని ఉన్న పల్చటి పొర ఉంది చూశారా, ట్యాంకుని పట్టి ఉంచేది అది. ఆ పొర పైనుంచి కిందిదాకా ఒకే రంగులో, నిండుగా ఉండాలి. అక్కడొకటి ఇక్కడొకటి సన్నటి బుడగలుంటే ఫర్వాలేదు. బుడగలన్నీ కలిసి లోపలినుంచి బయటికి దారి కట్టినా, వెండి రంగు మచ్చలు కనపడినా, ఆ చోట సిలికాన్ అద్దాన్ని వదిలేసిందని అర్థం. ఎడమవైపు మూల చూడండి. కింద బెత్తెడు మేర అలాగే ఉంది. ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువుండేది ఆ అడుగునే.

దాని పైన కొత్తగా సిలికాన్ పూశారు. మెరుపులో తేడా తెలుస్తోంది కదా. ఆరిపోయిన పాత సిలికాన్‌కి కొత్తది సరిగా అంటుకోదు. కారడం కొన్నాళ్ళు ఆగుతుంది, అతుకు మాత్రం బలపడదు. చుక్క కారలేదని ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఆపుతున్నది ఈ పైపూతే.

అద్దం అంచుల దగ్గరికొద్దాం. పైమూలలో చిన్న పెచ్చు లేచింది, గవ్వ ఆకారంలో. దాని నుంచి గీత ముందుకు సాగలేదు, దీనికి నేను భయపడను. గీత సాగిందంటే అది బీట. బీట అడుగు అద్దంలో ఉన్నా, పక్క అద్దంలో ఉన్నా ఆ ట్యాంకులో నీళ్ళు పోయకండి, ఎంత చిన్నదైనా సరే. గాజు మీద లాగుడు పడుతున్నప్పుడు తేమ కూడా తగిలితే కంటికి ఆనని బీట సైతం మెల్లగా పెరుగుతుంది. నెలల తరబడి నిక్షేపంలా ఉన్న ట్యాంకు ఒక రాత్రి ఉన్నట్టుండి పగలడానికి ఇదొక కారణం.

2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఒక హోటల్లో ఉన్న ఆక్వాడోమ్ అనే భారీ అక్వేరియం పగిలి, దాదాపు 10 లక్షల లీటర్ల నీళ్ళు వీధిలోకి దూసుకొచ్చాయి. అది గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో కట్టింది, మన ట్యాంకుతో ఏ రకంగానూ పోలిక లేదు. అయినా పదిహేనేళ్ళకు పైగా నిలబడిందది. ఇన్నాళ్ళూ ఆగిందిగా, ఇకముందూ ఆగుతుందిలే అనే ధీమా మాత్రం వద్దు.

స్టాండు గురించి క్లుప్తంగా చెప్తాను. మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పొడవునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడండి. ట్యాంకు కింద పరిచే థర్మాకోల్ షీటు చిన్న ఇసుక రేణువుల్ని, గరుకుని సర్దుతుంది గానీ, మెలి తిరిగిన ఫ్రేముని సరిచేయలేదు.

నీళ్ళు పోసి చూడటం ఇవన్నీ అయ్యాకే. ఇంట్లో కాదు, వరండాలో. మూడోవంతు పోసి ఆగండి, తర్వాత సగం, తర్వాత నిండుగా. ఒక్కో దశలో ముందు అద్దానికి స్కేలు ఆనించి ఉబ్బు ఎంతుందో రాసుకోండి. నిండుగా రెండుమూడు రోజులు ఉంచి, అతుకుల వెంట పొడి టిష్యూ తిప్పండి.

ఈ ట్యాంకు మీద నా మాట: అద్దాలు బాగున్నాయి, అతుకులు పాడైపోయాయి. ఇలాగే వాడటానికి నేను ఒప్పుకోను. మొత్తం విప్పి, పాత సిలికాన్ బ్లేడుతో పూర్తిగా గీకేసి, మళ్ళీ కట్టిస్తేనే కొనండి. బాత్రూముల కోసం అమ్మే యాంటీ ఫంగల్ సిలికాన్ మాత్రం వాడనివ్వకండి, ఆ మందు చేపలకి విషం. కట్టాక కనీసం వారం ఆరనివ్వండి.

ఇప్పటికే మీ ఇంట్లో నిండుగా ఉన్న ట్యాంకుకి ఇలాంటి వెండి మచ్చలు కనపడితే, వీడియో ఆపి ముందు సగం నీళ్ళు తీసేయండి. అద్దం మీద బలం నాలుగోవంతుకి పడిపోతుంది. పక్కనున్న స్విచ్ బోర్డు ఆపేసి, చేపల్ని టబ్బులోకి మార్చడానికి మీకు కాస్త టైము దొరుకుతుంది.