"6 నెలలే వాడాం" అని రాసిన సైకిల్: ప్రకటనలో ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి

నమస్తే అండి. ఇదిగో, స్టాండ్ మీద కనిపిస్తోంది కదా, ఈ సైకిల్ పోయిన నెలలో మా మేనల్లుడి కోసం ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 7,500 రూపాయలు. ముందు ప్రకటనలో ఏం రాశారో ఉన్నదున్నట్టు చదువుతాను. "అల్లాయ్ ఫ్రేమ్, సైజు 27.5, షిమానో 21 గేర్లు, డిస్క్ బ్రేకులు, 6 నెలలే వాడాం, కొత్తదానిలా ఉంది. సీరియస్‌గా కొనేవాళ్లే ఫోన్ చేయండి."

ఆ రోజు నేను ఊళ్లో లేను. మా అక్కావాళ్లు వెళ్లి డబ్బులిచ్చి తెచ్చేశారు. నేను వచ్చి చూసేసరికి వాడు సీటు మొత్తం కిందికి దించేసి తొక్కుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగితే కాలి మునివేళ్లు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. బ్యాగ్ వీపున వేసుకుని రోజూ ట్యూషన్‌కి వెళ్లే పిల్లాడు. నాకు కడుపు తరుక్కుపోయింది.

అందుకే ముందు సైజు గురించి చెప్తాను. 27.5 అన్నది చక్రం సైజు. మనిషికి సైకిల్ సరిపోతుందా లేదా అనేది చెప్పేది ఫ్రేమ్ సైజు. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు వరకు టేపు పెట్టి కొలుస్తారు. చూడండి, ఇది 19 అంగుళాలు. మా వాడి ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. 15 సరిపోతుంది. 16 అయినా సర్దుకోవచ్చు. అరిగిపోయిన భాగాలు మార్చుకోవచ్చు. ఫ్రేమ్ పెద్దదైతే చేయగలిగిందేమీ లేదు. ప్రకటనలో 26, 27.5, 29 అని మాత్రమే ఉంటే, ఫ్రేమ్ కొలత వాళ్లు చెప్పలేదని అర్థం. టేపు పెట్టి ఫోటో తీసి పంపమనండి.

ఇప్పుడు అల్లాయ్. సైకిల్ ప్రకటనల్లో అల్లాయ్ అంటే అల్యూమినియం మిశ్రమం. ఇది మా ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం. ఫ్రేమ్‌కి పెడుతున్నాను... టక్కున అతుక్కుంది. అల్యూమినియంకి అయస్కాంతం అంటుకోదు. అంటే ఇది స్టీలు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "రిమ్ములు అల్లాయే కదండీ" అన్నారు. రిమ్ములకి పెట్టి చూస్తే అంటుకోవడం లేదు, నిజమే. మరి రాసింది "అల్లాయ్ ఫ్రేమ్" అని కదా! స్టీలు చెడ్డదని నేను అనడం లేదు. మన నాన్నలు, తాతలు పాల క్యాన్లు, గడ్డిమోపులు మోసిన నల్ల సైకిళ్లన్నీ స్టీలువే. స్టీలుకి స్టీలు ధర పెట్టాలి, అంతే.

షిమానో అంటే సైకిల్ గేర్లు చేసే జపాన్ కంపెనీ. దాని సంగతికొస్తే, వెనక చైన్‌ని పక్కకి జరిపే డిరేలర్ ఒక్కటే షిమానో. హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్లు వేరే కంపెనీవి, వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి, అంటే ఫ్రీవీల్, దాని మీద పేరే లేదు. 21 అంటే ముందు 3, వెనక 7, మూడేళ్ల ఇరవై ఒకటి. దాన్నిబట్టి క్వాలిటీ తెలియదు. బ్రేకులు డిస్కువే, కేబుల్‌తో పనిచేసేవి. ఈ ధరకి అవి చాలు.

అసలు విషయం "6 నెలలే" అన్న మాటలో ఉంది. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. సైకిల్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి సరిగ్గా అరంగుళం ఉంటుంది. స్కేలు సున్నాని ఒక పిన్ను మధ్యలో పెడితే, కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత ఇంకో పిన్ను మధ్యకే రావాలి. అరిగే కొద్దీ ఆ పిన్ను గీత దాటి ముందుకి పోతుంది. అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ పళ్లు కూడా పాడైపోయి ఉంటాయి. ఇక్కడ చూడండి, ఎనిమిదో వంతు కన్నా ఎక్కువే ఉంది. పళ్లు రంపం పళ్లలా మొనదేలి ఒక పక్కకి ఒరిగాయి. గట్టిగా తొక్కితే చైన్ జారుతోంది.

ఆయన అబద్ధం చెప్పారని కూడా అనలేను. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా. దాని మీద రోజూ పోయి వచ్చే మనిషి 6 నెలల్లో వేల కిలోమీటర్లు తొక్కేస్తాడు. సైకిల్ అరిగేది తొక్కిన దూరాన్ని బట్టి, దుమ్ములో వానలో వాడిన తీరుని బట్టి. కాబట్టి "ఎన్ని నెలలు" అని కాకుండా, "రోజూ ఎంత దూరం తొక్కేవారు, చైన్ ఎప్పుడు మార్చారు" అని అడగండి.

ఇంకొకటి, ఇది నేను తర్వాత గమనించాను. ప్రకటనలో ఉన్న మూడు ఫోటోలూ ఎడమవైపు నుంచి తీసినవే. చైన్, గేర్లు ఉండేది కుడివైపు! కుడివైపు ఫోటో ఒక్కటీ లేకపోతే, దగ్గర నుంచి తీసి పంపమని అడగండి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే అతుకు దగ్గర పగులు ఉందేమో, కొత్త స్టిక్కర్ ఏమైనా అంటించారేమో కూడా చూడండి. పెడల్ ఇరుసు కింద చెక్కి ఉండే నంబర్, బిల్లు అడగండి. దొంగ సైకిల్ అయితే మనకే తలనొప్పి. ఇవన్నీ చూడకుండా అడ్వాన్స్ మాత్రం పంపొద్దు.

అమ్మేవాళ్లలో చాలామందికి నిజంగానే తెలియదు. కంపెనీ పేజీలో ఉన్నది కాపీ చేసి పెట్టేస్తారు. కానీ "సీరియస్‌గా కొనేవాళ్లే" అన్న మాట చూసి మా అక్క ప్రశ్నలు అడగడానికి మొహమాటపడింది. మొహమాటం వద్దండి. డబ్బులిచ్చేది మనం.

చైన్, ఫ్రీవీల్ మార్పించాను. లేబర్‌తో కలిపి 1,850 అయింది. మా వాడికి సరిపోయే సైకిల్ వేరే చూస్తున్నాను, ఇది అమ్మేస్తున్నాను. నేను రాసిన ప్రకటన ఇది: "స్టీల్ ఫ్రేమ్, 19 అంగుళాలు. 5 అడుగుల 10 అంగుళాల ఎత్తున్నవాళ్లకి బాగుంటుంది. చక్రాలు 27.5. వెనక డిరేలర్ మాత్రమే షిమానో. చైన్, ఫ్రీవీల్ కొత్తవి, బిల్లు ఉంది. ముందు చక్రం కొద్దిగా వంకర ఉంది, తీయించాలి. కుడివైపు ఫోటోలు నాలుగు పెట్టాను. ధర 6,000. వచ్చి తొక్కి చూసుకుని తీసుకోండి."