రివార్డు పడలేదని రాయడం ఆపేద్దామనుకుంటున్నారా?

నమస్తే అండీ అందరికీ. "అన్నా, రాయాలనే ఉంది కానీ చెయ్యి కదలట్లేదు, అంత కష్టపడి రాసిన పోస్టుకి ఏమీ పడలేదు, ఎవరో నాలుగు లైన్లు రాసి ఒక ఫొటో పెడితే దానికి బోలెడంత పడింది, ఇంక ఎందుకు రాయడం?" హైవ్ అనే సోషల్ మీడియాలో రాసేవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. ఓపిక పట్టండి, అన్నీ సర్దుకుంటాయి అని చెప్పి పంపించేయడం నాకు ఇష్టం లేదు. మీ బాధ నిజమైనదే. కానీ పోస్టు కింద కనిపించే ఆ రివార్డు అంకె అసలు ఎలా తయారవుతుందో తెలిస్తే ఆ బాధలో సగం తగ్గుతుందని నా నమ్మకం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2016లో స్టీమిట్ వచ్చింది, పోస్టు రాస్తే ఓట్లను బట్టి టోకెన్లు, అంటే క్రిప్టో నాణేలు, ఇచ్చే సోషల్ మీడియా. 2020 మార్చిలో అక్కడి జనంలో చాలామంది విడిపోయి హైవ్ మొదలుపెట్టారు. ఇక్కడ ప్రకటనల డబ్బు పంచరు, కొత్తగా పుట్టే టోకెన్లలో కొంత భాగాన్ని ఒక రివార్డ్ పూల్‌లో వేసి, ఓట్ల లెక్కన పోస్టులకు పంచుతారు.

మనసు విరిగేది ఈ ఓట్ల దగ్గరే. హైవ్‌లో అందరి ఓటూ ఒకటి కాదు. ఎవరి దగ్గర హైవ్ పవర్, అంటే అకౌంట్‌లో లాక్ చేసి పెట్టుకున్న టోకెన్లు, ఎంత ఎక్కువుంటే వాళ్ల ఓటు అంత బరువు. వందమంది మామూలు పాఠకులు మెచ్చుకుని వేసిన ఓట్ల కంటే ఒక్క పెద్ద అకౌంట్ వేసిన ఓటు ఎక్కువ తేవచ్చు. ఆ పెద్ద అకౌంట్‌కి కూడా ఓట్లు అపరిమితం కాదు, ఒక పూర్తి ఓటు (నూరు శాతం బరువుతో వేసేది) వేస్తే ఓటింగ్ పవర్‌లో, అంటే ఓట్లు వేయడానికి ఉండే శక్తిలో, 2 శాతం ఖర్చవుతుంది, రోజుకి 20 శాతం తిరిగి నిండుతుంది, అంటే రోజుకి సుమారు 10 పూర్తి ఓట్లు. మీ పోస్టు వచ్చేసరికి వాళ్ల ఓట్లు అయిపోయి ఉండొచ్చు, లేదా వాళ్లు నిద్రలో ఉండొచ్చు. దీనికీ మీ రాతకీ ఏం సంబంధం చెప్పండి?

పైగా ఆటో ఓట్లు. ఫలానావాళ్లు పోస్టు పెట్టగానే నా ఓటు పడాలి అని ముందే సెట్ చేసి పెట్టుకుంటారు. ఓటు వేసినవాళ్లకి కూడా వాటా వస్తుంది కదా, 2019లో మారిన లెక్క ప్రకారం రాసినవాళ్లకి సగం, ఓటు వేసినవాళ్లకి సగం. కాబట్టి చదవకుండానే పడే ఓట్లు చాలా ఉంటాయి. మీరు అసూయపడుతున్న ఆ పోస్టు కింద ఒకసారి కామెంట్లు చూడండి. చాలాసార్లు ఓట్లు కుప్పలుగా ఉంటాయి, కానీ పోస్టులో ఏముందో ప్రస్తావించిన కామెంటు ఒక్కటి కనపడదు. డబ్బు పడింది, పాఠకుడు రాలేదు. మీకు తలకిందులు, పాఠకుడు వచ్చాడు, డబ్బు పడలేదు. ఈ రెంటినీ ఒకే అంకెలో వెతుక్కుంటున్నాం కాబట్టే ఇంత నీరసం.

నా సంగతి ఒకటి చెప్తాను. ఇంట్లో ఫోన్‌తోనే గొంతు ఎలా రికార్డు చేయాలో ఒక పోస్టు రాశాను. రివార్డు దాదాపు సున్నా. కానీ కింద ఒకాయన, "దుప్పటి కప్పుకుని చదివితే గది మోత పోయింది గానీ గొంతు మూతపడినట్టు వస్తోంది, ఫోన్ ఎంత దూరంలో పెట్టమంటారు?" అని అడిగారు. ఆ ఒక్క లైను చూడండి. ఆయన చదివారు, చేసి చూశారు, నేను చెప్పనిది ఎక్కడుందో పట్టుకున్నారు. ఆ సాయంత్రమే కూర్చుని ఫోన్‌ని దగ్గరగా, జానెడు దూరంలో, మూర దూరంలో పెట్టి రికార్డు చేసి విన్నాను. తర్వాతి పోస్టు అదే అయింది. దానికి ఎంత పడిందో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు, ఆ ప్రశ్న మాత్రం గుర్తుంది.

అంటే డబ్బు అక్కర్లేదని అనట్లేదు. పని చేసినవాళ్లు డబ్బు ఆశించడంలో తప్పేమీ లేదు. కానీ ఈ డబ్బు విలువ మీ చేతిలో లేదు, ఓటు వేసేవాళ్ల చేతిలో కూడా లేదు. హైవ్ పుట్టకముందు, 2018 జనవరిలో స్టీమిట్ వాళ్ల టోకెన్ స్టీమ్ 8 డాలర్లు దాటింది, అదే ఏడాది చివరికి అర డాలర్ కంటే కిందకి జారిపోయింది. ఆ నవంబరులో స్టీమిట్ కంపెనీ తన సిబ్బందిలో దాదాపు 70 శాతం మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అదే మనిషి, అదే రాత, అన్నే ఓట్లు, అంకె మాత్రం కుప్పకూలింది. అందుకే ఇంటి ఖర్చు దీని మీద పెట్టుకున్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, దయచేసి అలా చేయకండి. ఇంకో ఆదాయం చూసుకోండి. అప్పుడే రాసేటప్పుడు టెన్షన్ లేకుండా రాయగలరు.

బహుమతి మీద ఆశ పెట్టుకుంటే ఇష్టం ఏమవుతుందో కూడా చూడండి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరికి, గీస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. ఇంకొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఏ బహుమతీ లేకుండా రంగు పెన్నులు అక్కడ పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టుకుని గీసిన పిల్లలు మిగతావాళ్లు గీసినంత సేపులో సుమారు సగం సేపే గీశారు. చెప్పకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. నాకు ఇందులో ముఖ్యమైనది ఈ చివరి ముక్కే. దెబ్బ తీసింది బహుమతి కాదు, దాని కోసం ఎదురుచూడటం.

కాబట్టి ఎదురుచూపుని తగ్గించుకునే పనులు చేయండి. హైవ్‌లో పోస్టు లెక్క 7 రోజులకి తేలుతుంది, ఆ వారమంతా అంకె పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. గంటకోసారి తెరిచి చూస్తే మీ మూడ్ కూడా దానితోపాటే ఊగుతుంది. పోస్టు పెట్టాక కామెంట్లకి జవాబులు ఇవ్వండి, అంకెని మాత్రం వారం అయ్యాక చూడండి. వీలున్నవాళ్లు రివార్డు మొత్తం పవర్‌లోకే వెళ్లేలా పెట్టుకోండి, దాన్ని వెనక్కి తీసుకోవాలంటే 13 వారాలు పడుతుంది కాబట్టి ఇవాళ్టి అంకె మీద ఆత్రం దానంతటదే తగ్గుతుంది. నెలనెలా ఆ డబ్బు అవసరమున్నవాళ్లకి ఇది పనికిరాదు, వాళ్లు చేయకండి.

డౌన్‌వోట్ల గురించి, అంటే పోస్టు రివార్డుని తగ్గించే వ్యతిరేక ఓట్ల గురించి కూడా కొందరు అడిగారు. ఆరో రోజు వరకూ కనిపించిన మొత్తం ఏడో రోజు పొద్దున్నే లేచి చూసేసరికి మాయమైతే కడుపు మండుతుంది, మండాలి కూడా. కానీ చాలాసార్లు అది మీ రాత మీద కోపం కాదు, ఈ పోస్టుకి ఇంత ఎక్కువ అని వాళ్లు అనుకోవడం, లేదా మీకు ఓటు వేసినవాళ్లతో వాళ్లకున్న గొడవ. ఆ కోపంలో ఉన్నప్పుడు జవాబు రాయకండి. అక్కడ మొదలైన గొడవ మీ రాసే సమయాన్నంతా తినేస్తుంది.

ఇంకొకటి, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. 7 రోజులు దాటాక ఎవరు చదివి మెచ్చుకున్నా ఆ పోస్టుకి రివార్డు రాదు. అందుకని చాలామంది ఏళ్లపాటు పనికొచ్చేవి రాయడం మానేసి ఆ వారంలో చెల్లిపోయేవే రాస్తున్నారు. మీరు అలా చేయకండి. మీ మంచి పోస్టుల కాపీ మీ దగ్గర పెట్టుకోండి, వాటినే వీడియోగా చేయండి, ఇంకోచోట పెట్టండి, కొత్త పోస్టులో పాతదాని లింకు ఇవ్వండి. వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి అది ఎప్పుడు రాశారన్నది పట్టదు.

మరీ అలసిపోతే కొన్నాళ్లు ఆపేయండి. ఆటో ఓట్లు కొన్ని పోతాయి, అది నిజమే, కానీ మీ అకౌంట్ ఎక్కడికీ పోదు, మీరు రాసినవీ పోవు. ఆ ఖాళీలో మిగతావాళ్లవి చదివి, నిజంగా చదివినట్టు తెలిసే కామెంటు ఒకటి రాయండి, అవతల కూడా మీలాగే ఎదురుచూసే మనిషి ఉంటారు. మీచేత తర్వాతి పోస్టు రాయించిన కామెంటు ఏదైనా ఉంటే అది కింద పెట్టండి, అన్నీ చదువుతాను, కొన్నిటి మీద వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.