అడ్వాంటేజెస్ చివర ఆ ‘ఎస్’

అందరికీ నమస్కారం. ఇంగ్లీషు ఎంత వచ్చో తేల్చే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష రాయబోయేవాళ్లకు రైటింగ్ రెండో టాస్క్, అంటే వ్యాసం, అంటేనే టెన్షన్. 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. ఫలానా దానివల్ల లాభాలెక్కువా, నష్టాలెక్కువా తేల్చమనే ప్రశ్న అందులో తరచూ వస్తుంది. అలాంటి వ్యాసంలో అడ్వాంటేజ్ అనే మాట ప్రతి పేరాలోనూ తగులుతుంది. దాన్ని తప్పుగా రాయడం అలవాటైతే ఆ తప్పు వ్యాసం పొడుగునా కనిపిస్తుంది. రైటింగ్ మార్కుల్లో నాలుగో వంతు వ్యాకరణానిదే.

‘వన్ ఆఫ్ ది అడ్వాంటేజ్ ఆఫ్ ఆన్‌లైన్ క్లాసెస్ ఆర్...’ ఇలా రాసేవాళ్లు చాలామంది. ఇందులో తప్పులు రెండు. ఉన్న లాభాలు చాలా కాబట్టి ‘అడ్వాంటేజెస్’ అనాలి. వాటిలో మనం చెబుతున్నది ఒక్కటే కాబట్టి క్రియ ‘ఈజ్’ కావాలి. మనం ‘లాభాల్లో ఒకటి’ అంటాం గానీ ‘లాభంలో ఒకటి’ అనం కదా!

అసలు చిక్కంతా ఇప్పుడు చెప్పబోయే వాక్యంలో ఉంది. ‘ది అడ్వాంటేజెస్ ఆఫ్ లివింగ్ ఇన్ ఎ బిగ్ సిటీ ఈజ్...’ వినడానికి బాగానే ఉంటుంది. సిటీ ఒక్కటే, దాని పక్కనే ఈజ్. కానీ ఆ క్రియ సిటీది కాదు, అడ్వాంటేజెస్‌ది. అక్కడ ‘ఆర్’ రావాలి. ‘పెద్ద నగరంలో ఉంటే లాభాలు ఉన్నాయి’ అనేటప్పుడు లాభాలూ ఉన్నాయీ పక్కపక్కనే ఉంటాయి, అందుకే తెలుగులో ‘లాభాలు ఉంది’ అని చిన్నపిల్లలు కూడా అనరు. ఇంగ్లీషులో కర్త ముందే వచ్చేస్తుంది, మధ్యలో ‘ఆఫ్’తో మొదలై నాలుగైదు మాటలు దూరతాయి, క్రియ దగ్గరకొచ్చేసరికి కర్తను మరిచిపోతాం. ఇది వ్యాకరణం రాక చేసే తప్పు కాదని నా గట్టి నమ్మకం. ‘ఆఫ్’ నుంచి ‘సిటీ’ దాకా వేలితో మూసి చదవండి. ‘ది అడ్వాంటేజెస్ ఈజ్’ అని మిగులుతుంది. తప్పు మీకే దొరికిపోతుంది.

లాభనష్టాలు అనడానికి ‘ప్రోస్ అండ్ కాన్స్’ రాస్తే ఎస్ ముందు అపాస్ట్రఫీ పెట్టకండి. బహువచనానికి ఉత్త ఎస్ చాలు. పరీక్ష వ్యాసానికి మాత్రం అడ్వాంటేజెస్, బెనిఫిట్స్ అన్న మాటలే నిండుగా ఉంటాయి. ‘టేక్ అడ్వాంటేజ్ ఆఫ్’ అనేటప్పుడు ఎన్ని అవకాశాలు వాడుకున్నా ఎస్ రాదు, అది స్థిరపడిపోయిన ప్రయోగం.

ఇప్పుడు పెన్నులు తీయండి. పల్లెలో ఉండటం వల్ల లాభాల గురించి మూడు వాక్యాలు రాసి, మీ పక్కవాళ్లకిచ్చి దిద్దించుకోండి.