సైకిల్‌కు మోటారు కావాలా?

శ్రోతలకు నమస్కారం. ఈరోజు రెండు రకాల సైకిళ్ల గురించి మాట్లాడుకుందాం. ఒకటి బ్యాటరీ, మోటారు ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్. రెండోది రోడ్ బైక్, అంటే మోటారు లేకుండా వేగంగా, దూరం తొక్కడానికి చేసిన తేలికపాటి సైకిల్. ఎవరికి ఏది నప్పుతుందో చూద్దాం.

"మన ఊళ్లో ఘాట్ రోడ్లున్నాయా, కొండలెక్కాలా? సైకిల్‌కు మోటారు ఎందుకు?" ఎలక్ట్రిక్ సైకిల్ మాట ఎత్తితే వరంగల్‌లో ముందుగా వినపడే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట ఊళ్లోనే ఉన్నా రోడ్లు వాటి పక్క నుంచి పోతాయి. కాజీపేట నుంచి వరంగల్ దాకా తొక్కితే ఆయాసం తెప్పించే ఎత్తులంటే రైల్వే బ్రిడ్జిలే.

అయితే ఇక్కడ మనిషిని అలసగొట్టేది ఎత్తు కాదు. ఎండ, దానికి తోడు ఆగి ఆగి పోవడం. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ పడుతుంది, ఆటో అడ్డం వస్తుంది, ముందు బస్సు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ మన బరువు, సైకిల్ బరువు మళ్లీ మొదటి నుంచి కదిలించాలి. సత్తువంతా అక్కడే పోతుంది. మే నెలలో 43 డిగ్రీల ఎండకు ఇలా ఆరేడు కిలోమీటర్లు తొక్కి ఆఫీసుకు చేరితే చొక్కా పిండుకోవాల్సిందే. మోటారు ఆ మొదటి తోపును తన మీద వేసుకుంటుంది. అంటే ఎలక్ట్రిక్ సైకిల్‌కు డబ్బు పెడుతున్నది వేగం కోసం అనుకోవద్దు, తడవని చొక్కా కోసం.

వేగానికి ఎటూ చట్టమే హద్దు పెట్టింది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే దాన్ని మోటారు వాహనం కింద లెక్కించరు. అప్పుడే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. "చిన్న సెట్టింగ్ మారిస్తే నలభై పోతుంది సార్" అని ఎవరైనా ఊరిస్తే ఒప్పుకోకండి. మార్చిన తర్వాత అది నంబరు ప్లేటు లేని బండి. దానితో యాక్సిడెంట్ జరిగితే టెన్షన్ అంతా మీదే.

కరెంటు ఖర్చు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండా చార్జ్ చేసినా అర యూనిట్ కాలదు. మోటారు మీదే వదిలేస్తే దానితో పాతిక కిలోమీటర్లు, మనమూ పెడల్ తొక్కితే నలభై దాకా పోవచ్చు. కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లే కాబట్టి పోయి రావడానికి ఢోకా లేదు. అసలు ఖర్చు బ్యాటరీ మార్చే రోజున ఉంటుంది. లిథియం బ్యాటరీ మామూలుగా 500 నుంచి 800 సార్లు నిండా చార్జ్ అయ్యేసరికి నీరసపడుతుంది. అందుకే సైకిల్ ధర అడిగినప్పుడే కొత్త బ్యాటరీ ధర కూడా అడగాలి. ఎంతో చెప్పలేని షాపులో కొనకపోవడమే మంచిది.

లిథియం బ్యాటరీకి వేడి అసలు పడదు. ఎండలో తిరిగి వచ్చి రాగానే ప్లగ్ పెట్టొద్దు, చల్లారనివ్వాలి. రేకుల షెడ్డు కింద చార్జింగ్ అసలే వద్దు. తాళంతో బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకునే మోడల్ తీసుకుంటే అపార్ట్‌మెంట్ వాళ్లకు మెట్ల మీద సైకిల్ మోసే బాధ కూడా తప్పుతుంది. వాన చినుకులకు భయం లేదు కానీ, 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ వైపు నిలిచినట్టు నీళ్లు నిలిస్తే మాత్రం మోటారు బిగించిన చక్రాన్ని అందులో దింపకూడదు.

ఇక రోడ్ బైక్. ఇది వేరే లోకం. పది కిలోల బరువు, సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్. ఆ వంపు షోకు కోసం పెట్టింది కాదు. ముప్పై వేగంతో తొక్కేవాళ్ల శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, వంగితే గాలికి తగిలే ఒళ్లు తగ్గుతుంది. తెల్లవారకముందే బయలుదేరి ఆత్మకూరు, ములుగు మీదుగా రామప్ప చూసి రావాలంటే రానూ పోనూ 130 కిలోమీటర్ల పైమాటే. అలవాటున్నవాళ్లు రోడ్ బైక్ మీద పోయి వస్తారు. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ ములుగు చేరకముందే చేతులెత్తేయొచ్చు, ఆ తర్వాత వెనక అర బస్తా బియ్యం కట్టుకుని తొక్కినట్టే.

అలాగని రోడ్ బైక్ కొనేవాళ్లు మన రోడ్లను మరచిపోకూడదు. కోతల కాలంలో మన పల్లెల్లో సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. సన్న టైరు వాటి మీద జారితే పడటమే. క్యారియర్ ఉండదు, మడ్‌గార్డు ఉండదు, కూరగాయల సంచి పెట్టే చోటు ఉండదు. చాలా రోడ్ బైక్‌లకు గాలి కొట్టే ప్రెస్టా వాల్వ్ సన్నగా ఉంటుంది, మామూలు పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఏ ఊళ్లోనైనా గాలి కొట్టించుకోవచ్చు. మోటారు చక్రం పంక్చరయితే కూడా కంగారు పడొద్దు. మన పంక్చర్ మేస్త్రీలు చక్రం ఊడదీయకుండానే ట్యూబు పక్కకు లాగి ప్యాచ్ వేయగలరు, వైరు మాత్రం తెగకుండా చూసుకొమ్మని చెప్పాలి.

నన్నడిగితే, రోజూ డ్యూటీకి పోయేవాళ్లకు, మోకాళ్లు నొప్పి పెడుతున్నా ఆటో ఎక్కడం ఇష్టం లేనివాళ్లకు ఎలక్ట్రిక్ సైకిల్. తొక్కడమే సరదాగా ఉన్నవాళ్లకు రోడ్ బైక్. కాలేజీ పిల్లలకు రెండూ దండగే, కాస్త వెడల్పు టైర్లున్న గేర్ల సైకిల్ చాలు.

షాపుకు పోయినప్పుడు ఎలక్ట్రిక్ సైకిల్‌ను స్విచ్ ఆపేసి అర కిలోమీటరు తొక్కి చూడండి. చార్జింగ్ అయిపోయిన రోజు దాన్ని ఇంటికి చేర్చాల్సింది మీ కాళ్లే కదా. రోడ్ బైక్ అయితే సీటు మీద కూర్చుని పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. అది కుదరకపోతే సీటు పైకి కిందికి జరిపించండి. అప్పటికీ కుదరకపోతే ఆ ఫ్రేమ్ మీ సైజు కాదు, డిస్కౌంట్ ఎంత ఇచ్చినా వదిలేయండి.

నమస్కారం.