మల్టీమీటర్‌లో 12.6 ఉన్నా ఇన్వర్టర్ ఎందుకు ఆగిపోతోంది? ఇంటర్నల్ రెసిస్టెన్స్ మీటర్ రివ్యూ

నమస్తే అండి. ఇదిగో, నా చేతిలో ఉన్నది బ్యాటరీ ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే బ్యాటరీ లోపల కరెంటుకి ఎదురయ్యే అడ్డు, కొలిచే మీటర్. అది ఎంత తక్కువుంటే అంత మంచిది. నెల రోజులు వాడి చూశాకే ఈ వీడియో చేస్తున్నాను.

మా ఇల్లు విశాఖలో పెదవాల్తేరు, బీచ్‌కి దగ్గర. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నవాళ్లం, అందుకే ఇన్వర్టర్ అంటే మాకు ప్రాణం. అలాంటిది ఈమధ్య ఫ్యాన్లు తిరుగుతుండగా మిక్సీ వేస్తే చాలు, టప్పున ఆగిపోయేది. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు! చూడ్డానికి వచ్చినతను "బ్యాటరీ పోయిందండి, మార్చేయండి" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

ఈ మీటర్‌ని బ్యాటరీ సీసం పోస్టుల మీదే పెట్టాను: 9 మిల్లీఓమ్‌లు (మిల్లీఓమ్ అంటే ఓమ్‌లో వెయ్యో వంతు). పోస్టుకి బిగించిన లగ్గుల మీద, అంటే వైరు చివరి లోహపు కొనల మీద పెట్టాను: 34! అంటే బ్యాటరీ బాగానే ఉంది. మధ్యలో పేరుకున్న చిలుమే మిగతా 25 మిల్లీఓమ్‌లు కలుపుతోంది. యాసిడ్ ఆవిరికి మన ఉప్పుగాలి తోడైతే లగ్గులు ఇలాగే తయారవుతాయండి.

మరి మల్టీమీటర్ ఎందుకు పట్టుకోలేదు? కరెంటు పారనప్పుడు రెసిస్టెన్స్ ఎంతున్నా వోల్టేజ్ పడదు. 600 వాట్ల లోడు వేశామనుకోండి, ఇన్వర్టర్ నష్టాలతో కలిపి సుమారు 60 ఆంపియర్లు. 60ని 0.034తో గుణిస్తే 2 వోల్టులు మాయం. 12.6 కాస్తా 10.6. చాలా ఇన్వర్టర్లు కట్ అయ్యేది ఆ చుట్టుపక్కలే. పైగా వోల్టేజ్ పడేకొద్దీ అవే వాట్ల కోసం ఇన్వర్టర్ ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజ్ ఇంకా పడుతుంది. వేడి సంగతి మరీ ఘోరం. అది కరెంటు వర్గంతో పెరుగుతుంది: 60 × 60 × 0.025, లగ్గుల దగ్గరే 90 వాట్లు. చెయ్యి పెడితే చుర్రుమనేది అందుకే!

ఎనిమిది పెన్ సెల్స్ వరసగా కలిపినా 12 వోల్టులు వస్తాయి. వాటితో కారు స్టార్ట్ అవుతుందా? అవ్వదు. వాటి లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, అంత కరెంటు ఇవ్వలేవు.

వేడినీళ్లలో వంట సోడా కలిపి లగ్గులు కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన వాజలిన్ రాశాను. ఇప్పుడు లగ్గుల మీద 10. మిక్సీ హాయిగా తిరుగుతోంది.

మీటర్‌లో నచ్చింది నాలుగు వైర్ల పద్ధతి. రెండు వైర్లు కరెంటు పంపుతాయి, రెండు వోల్టేజ్ చూస్తాయి. క్లిప్పుల రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. లోపం ఏంటంటే, ఇది 1 కిలోహెర్ట్జ్ ఏసీతో, అంటే సెకనుకి వెయ్యిసార్లు అటూ ఇటూ ఊగే కరెంటుతో కొలుస్తుంది కాబట్టి అసలు లోడు మీద పడేదానికన్నా తక్కువ చూపిస్తుంది. బ్యాటరీలో ఎన్ని ఆంపియర్ అవర్లు మిగిలాయో కూడా చెప్పదు. కొత్త బ్యాటరీ వేసిన రోజే రీడింగ్ రాసి పెట్టుకోండి, తర్వాత దానితోనే పోల్చండి.

లగ్గులు విప్పే ముందు ఇన్వర్టర్ ఆపి, మెయిన్ కూడా తీసేయండి. మొదట నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు అది చివర. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో అగరుబత్తి కూడా వద్దు.